కాగితానికి ఒక వైపే

ఒకప్పుడు వారపత్రికల్లో విషయసూచిక కింద, చీమల బారులాంటి అక్షరాల్లో 'రచయితలకు సూచనలు' అని ఒక పెట్టె ఉండేది. కథల కన్నా ముందు నేను ఆ పెట్టెనే చదివేవాడిని. పదిహేడేళ్ల వయసుకు అది నాకు ఎక్కాల పుస్తకంలా నోటికి వచ్చు. కాగితానికి ఒక వైపే రాయాలి. మార్జిను వదలాలి. రచన సొంతమేనని, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదని, ఇంతకు ముందు ఎక్కడా అచ్చుకాలేదని, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదని హామీ పత్రం జతచేయాలి. తిరిగి కావాలనుకుంటే తగిన స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. ఎంపికలో సంపాదకులదే తుది నిర్ణయం. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

చివరి రెండు ముక్కలూ చదివినప్పుడల్లా కలెక్టరు కచేరీ గుమ్మంలో నిలబడ్డ డవాలా బంట్రోతు కళ్లముందు కనిపించేవాడు. అయినా బుద్ధిగా అన్నీ పాటించాను. అరఠావులు కొని, ఒక వైపే రాసి, రెండో వైపు తెల్లగా వదిలేశాను. "ఇంత కాగితం దండగెందుకురా?" అని నాన్న విసుక్కుంటే, "అక్షరాలు కూర్చేవాళ్లకు వీలుగా ఉండాలి నాన్నా" అని, ప్రెస్సు గుట్టంతా తెలిసినవాడిలా జవాబు చెప్పాను.

ఆ తెల్లగా వదిలేసిన రెండో వైపు గురించే ఇప్పుడు రాస్తున్నాను. తెలుగులో పత్రికల నియమాలు కూడా కాగితానికి ఒక వైపే రాసుకున్నాం. రచయిత పత్రికకు ఏ హామీ ఇవ్వాలో పూసగుచ్చినట్టు ఉంటుంది. పత్రిక రచయితకు ఏ హామీ ఇస్తుందో రాయవలసిన వైపు ఇవాళ్టికీ ఖాళీయే. కథలు, కవితలు వేసే పత్రికల మాట అలా ఉంచండి. రాయడం గురించే మాట్లాడతాం, రాతలోని మంచిచెడ్డలు చెబుతాం అనే పత్రికలకు కూడా ఆ ఖాళీ కనిపించకపోవడం నాకు మింగుడుపడదు. అలాంటి ఒక చిన్న త్రైమాసిక పత్రికను ఇద్దరు మిత్రులతో కలిసి కొన్నేళ్లుగా మోస్తున్నాను కాబట్టి, ఈ ఫిర్యాదులో ముద్దాయిల్లో నేనూ ఒకడినే.

ముందు బాధితుడి కథ చెప్పి, ముద్దాయి కథకు తరవాత వస్తాను.

నా మొదటి కథలో ఒక ఇల్లాలు భర్తతో గొడవపడి బస్టాండుకు వస్తుంది. కనిపించిన బస్సు ఎక్కి కూర్చుంటుంది. కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అని అడుగుతాడు. కథ అంతే. ఆ ప్రశ్న దగ్గర ఆపడానికి నేను మూడు చిత్తుప్రతులు రాశాను. పంపిన తరవాత పద్నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఒక ఆదివారం మా మామయ్య క్షవరానికి వెళ్లి, అక్కడ బల్లమీద పడి ఉన్న పత్రికలో నా పేరు చూసి, సగం గడ్డంతోనే ఇంటికి వచ్చాడు. పండగ చేసుకున్నాం. రాత్రి అందరూ పడుకున్నాక ఒంటరిగా చదువుకుంటే, కండక్టరు ప్రశ్న కింద ఇంకో పంక్తి ఉంది. 

"ఇంటికే" అంది ఆమె.

ఒక్క మాట. ఎవరు రాశారో తెలియదు. ఎందుకు రాశారో ఊహించగలను. సంసారపక్షంగా ఉండాలనుకుని ఉంటారు. మరునాడు మామయ్య భుజం తట్టి, "అంతా ఒక ఎత్తు, ఆ ముగింపు ఒక ఎత్తురా" అన్నాడు. ఇప్పటికీ ఆ కథను గుర్తుపెట్టుకున్న ఇద్దరు ముగ్గురు మెచ్చుకునేది ఆ ఒక్క మాటనే. నేను పత్రికకు ఉత్తరం రాయలేదు. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదని ముందే చెప్పారు కదా. మూడు నెలలకు మనియార్డరు వస్తే సంతకం పెట్టి తీసుకున్నాను.

చాలా ఏళ్ల తరవాత తెలిసింది, మన కాపీరైటు చట్టం రచయితను మరీ అంత అనాథగా వదిలేయలేదని. 1957 నాటి చట్టంలో 57వ సెక్షను. సంవత్సరం గుర్తుంటే సెక్షను గుర్తున్నట్టే. రచన మీద హక్కులన్నీ రాసిచ్చేసినా సరే, అది తనదని చెప్పుకునే హక్కు, తన పేరుప్రతిష్ఠలకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటాయని అది చెబుతుంది. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవలను సినిమాకు మార్చిన తీరు నచ్చక వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 1986లో ఈ సెక్షనును విడమరిచి చూపింది. సినిమా హక్కులు అమ్ముకున్నంత మాత్రాన ఈ హక్కు పోదని చెప్పింది. 19వ సెక్షను ఇంకా తేటగా ఉంటుంది. హక్కుల బదిలీ కాగితం మీద, ఇచ్చేవాడి సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాసుకోకపోతే ఐదేళ్లకు. ఏ ప్రాంతానికో రాసుకోకపోతే భారతదేశానికి. జీతం తీసుకుని రాసే ఉద్యోగుల సంగతి వేరు. బయటి నుంచి కథ పంపినవాడి విషయంలో, లోపలి అట్టమీద 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అని వేసుకున్నంత మాత్రాన అవి గాలిలో ఎగురుకుంటూ వచ్చి పత్రిక ఒళ్లో వాలవు. ఈ సంగతి మన రచయితల్లో ఎంతమందికి తెలుసు? సంపాదకుల్లో తెలిసినవాళ్లు మాత్రం చెబుతారా?

ఒక్క మాట కోసం కోర్టుకు ఎక్కమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. 'నా అక్షరం ముట్టుకుంటే ఊరుకోను' అనే రచయితలతో కూడా నాకు పొసగదు. దిద్దుబాటు లేకుండా పత్రిక లేదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు చేతిమీదుగా ఎందరి కథలో ఆ పత్రిక నుడికారంలోకి ఒదిగాయి. అక్కడికి కథ పంపేవాడికి అది తెలుసు. చందమామకు ఒక గొంతు ఉంది, కథ ఆ గొంతుతో బయటికి వస్తుంది, అది ఒప్పందం లాంటిదే. నేను గొడవపడేది చెప్పకుండా చేసే దిద్దుబాటుతో. అచ్చయ్యాక పాఠకుడితో పాటు రచయిత కూడా మొదటిసారి చదువుకోవలసిన పరిస్థితితో.

ఇప్పుడు ముద్దాయి కథ.

మా పత్రికకు పాలమూరు వైపు నుంచి ఒక బడి పంతులమ్మ వ్యాసం పంపారు. తను రాయడం ఎలా మొదలుపెట్టిందీ, తల్లి పొలం పనులకు పోతూ చెప్పిన ముచ్చట్లు తన వాక్యంలోకి ఎలా వచ్చాయీ రాశారు. మంచి వ్యాసం. అందులో ఒక చోట, తెల్లవారకముందే లేచి అమ్మ తనకు సద్ది కట్టేదని ఉంది. నేను ఎర్ర కలంతో 'స' కొట్టేసి 'చ' పెట్టాను. చద్ది కట్టేది. రెండు సెకన్ల పని. పత్రిక వెళ్లిన నాలుగో రోజున ఆవిడ ఫోను చేశారు. కోపం లేదు గొంతులో. కోపంగా ఉన్నా బాగుండేది.

"సార్, మా అమ్మ నాకు ఎన్నడూ పాచి అన్నం పెట్టలేదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే విడమరిచి చెప్పారు. మా గుంటూరు వైపు చద్ది అంటే రాత్రి మిగిలి, తెల్లారి తినే అన్నం. వాళ్ల వైపు సద్ది అంటే పొలానికో బడికో ప్రయాణానికో మూటగట్టి ఇచ్చే తిండి. పొద్దున్నే పొయ్యి రాజేసి వండినది కూడా సద్దే. సద్దుల బతుకమ్మ నాడు గౌరమ్మ ముందు పెట్టే పులిహోర, పెరుగన్నం, సత్తుపిండి పాచివి కాదు కదా సార్, అన్నారు. మూలం ఒకటే కావచ్చు, బతుకులో రెండు మాటలూ ఎప్పుడో విడిపోయాయి. తెల్లవారకముందే లేచి బిడ్డకోసం వండిన తల్లిని నేను రాత్రి మిగులు మూటగట్టి పంపేసిన తల్లిగా మార్చేశాను. పైగా ఆ వ్యాసం నడిచిందే తల్లి మాటల మీద.

నా కథకు 'ఇంటికే' తగిలించిన ఆ అజ్ఞాత సంపాదకుడు ఆ రోజు నాకు చాలా దగ్గరి చుట్టంలా అనిపించాడు. ఆయనకూ రెండు సెకన్లే పట్టి ఉంటుంది. ఆయనా మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

తప్పు జరిగింది, సరే. దాన్ని ఎలా ఒప్పుకోవాలి? ఇక్కడ మన పాత ముద్రాపకులు మనకన్నా పెద్దమనుషులు. పాత పుస్తకాల వెనక 'తప్పొప్పుల పట్టిక' ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు నిలువు గళ్లు. చదివేవాడు ముందు ఆ పట్టిక చూసుకుని, పెన్సిలుతో లోపల దిద్దుకుని, ఆ తరవాత పుస్తకం మొదలుపెట్టేవాడు. పాత పుస్తకాల్లో అలా దిద్దిన పెన్సిలు గుర్తులు కనిపిస్తే నాకు ముచ్చటేస్తుంది. తరవాత్తరవాత మనం అచ్చుతప్పులకు ముద్రారాక్షసం అనే మాటను తెగ వాడుకున్నాం. మాట చమత్కారంగా ఉంది, విశాఖదత్తుడి నాటకం పేరు కలిసివచ్చింది, నేరం రాక్షసుడి మీదకు పోయింది. సద్దిని చద్ది చేసింది ఏ రాక్షసుడూ కాదు. నేను.

తరవాతి సంచికలో 'ముద్రారాక్షసం వల్ల' అని మొదలుపెట్టి చివరి పేజీ మూలన రెండు పంక్తులు వేస్తే సరిపోతుందని మిత్రుల్లో ఒకరు అన్నారు. ఆ రెండు పంక్తులు ఎవరూ చదవరు, అందుకే అక్కడ వేస్తారు. మేము వాదించుకుని చివరికి సంపాదకీయం కిందే పెట్టాం. ఏ వ్యాసం, ఏ పుట, రచయిత రాసిన మాట ఏది, మేము మార్చిన మాట ఏది, ఎందుకు తప్పు, ఎవరు చేశారు. నా పేరుతో. చందాదారుల్లో ఒకాయన "ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా?" అని రాశారు. ఇంకో ముగ్గురు తమ వైపు సద్ది అంటే ఏమిటో రాశారు. వ్యాసానికి రాని ఉత్తరాలు సవరణకు వచ్చాయి.

'ఇందులోని అభిప్రాయాలు రచయితలవే, సంపాదకులకు సంబంధం లేదు' అనే వాక్యం కూడా ఆ రాక్షసుడి తమ్ముడే. ప్రతి సంచికలోనూ సంపాదకుడి పేరు అచ్చువేయాలని చట్టం అడుగుతుంది. 1867 నాటి ముద్రణ చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్త పత్రికల నమోదు చట్టం వచ్చినా సంపాదకుడి బాధ్యత ఎక్కడికీ పోలేదు. ఎంపిక చేసింది నువ్వు, దిద్దింది నువ్వు, శీర్షిక మార్చింది నువ్వు. సంబంధం లేకపోవడం ఏమిటి?

ఇక దొంగతనాల సంగతి. హామీ పత్రం పుట్టిందే దీనికోసం కాబట్టి కాస్త నిలబడి మాట్లాడాలి.

పదో శతాబ్ది ప్రాంతపు సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంసలో మొహమాటం లేకుండా అన్నాడు: 'నాస్త్యచౌరః కవిజనో నాస్త్యచౌరో వణిగ్జనః'. దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడు లేడు. దాచుకోవడం తెలిసినవాడు నింద లేకుండా సుఖపడతాడు అని. ఈ శ్లోకాన్ని మనవాళ్లు సగమే వల్లిస్తారు, తమకు పనికొచ్చే సగం. రాజశేఖరుడు అక్కడితో ఆగలేదు. శబ్దం ఎత్తుకోవడం, అర్థం ఎత్తుకోవడం అని విడదీసి, అర్థానికి మళ్లీ రకాలు చెప్పాడు. అద్దంలో నీడలాంటిది, చూసి గీసిన బొమ్మలాంటిది, పోలికలు కలిసిన ఇద్దరు మనుషుల్లాంటిది, పరకాయప్రవేశం లాంటిది. అంతకు ముందే ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు మొదటి మూడింటినీ చెప్పి, నీడనూ బొమ్మనూ వదిలేయమన్నాడు. పోలికలున్న మనిషి మాత్రం ఫరవాలేదట, ప్రాణం వేరు కాబట్టి. వెయ్యేళ్ల కిందట ఇంత నాజూకుగా ఆలోచించినవాళ్ల వారసులం ఇవాళ దేన్ని నమ్ముకున్నాం? శాతాలను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది నుంచి నలభై ఒక మెట్టు, నలభై నుంచి అరవై ఇంకో మెట్టు, ఆపైన చివరి మెట్టు. పరిశోధన గ్రంథాలు కుప్పలుగా వచ్చే చోట ఏదో ఒక కొలత కావాలి, కాదనను. కానీ ఆ శాతాలు లెక్కగట్టే యంత్రం పట్టుకునేది నీడను మాత్రమే. ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని కూర్చుని తెలుగులో రాసేసుకుంటే అది సున్నా శాతం చూపించవచ్చు. తెలుగులో జరిగే దొంగతనాల్లో ఎక్కువ భాగం ఆ దారినే వస్తాయని ఏ సంపాదకుడిని అడిగినా చెబుతాడు.

మాకూ అలాగే వచ్చింది. కథ ఎత్తుగడ మీద ఒక పెద్దాయన వ్యాసం. మేమే అడిగి రాయించుకున్నాం. ఉదాహరణలన్నీ తెలుగు కథలే. అచ్చయ్యాక విదేశంలో ఉండే ఒక పాఠకుడు ఒక ఇంగ్లీషు వ్యాసం పంపి, పక్కపక్కన పెట్టి చదవమన్నాడు. పేరాకు పేరా అదే నడక. మొదటి పేరాలో అక్కడ వాన ఉంటే ఇక్కడా వాన. ఉదాహరణలు మాత్రమే మారాయి. ఆనందవర్ధనుడి లెక్కలో ఇది బొమ్మ. ఆయనకు రాశాం, పదిహేను రోజులు గడువు ఇచ్చాం. 'స్ఫూర్తి' అని ఒక్క మాట జవాబు వచ్చింది. ఆ తరవాత ఫోనులు మొదలయ్యాయి. ఆయన వయసు చూడండి, ఆయన సేవ చూడండి, ఊళ్లో పరువు చూడండి. పరువు పోవాలని మాకు మాత్రం ఎందుకుంటుంది? ప్రచురణ నీతి గురించి 1997 నుంచి పనిచేస్తున్న కోప్ అనే అంతర్జాతీయ సంఘం సూత్రాల్లో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. రచనను ఉపసంహరించడం రచయితను శిక్షించడానికి కాదు, నమోదైనదాన్ని సరిచేయడానికి. ఆ వ్యాసం చదివిన పాఠకుడికి అసలు ఆలోచన ఎవరిదో తెలియాలి, అంతే. మేము అదే రాశాం. 'దొంగ' అనలేదు. మూలవ్యాసం వివరాలు ఇచ్చి, ఆయన జవాబునూ అచ్చువేశాం. అయినా ఆయన మాతో మాట్లాడటం మానేశారు. నన్ను ఎరిగిన కొందరు ఇప్పటికీ సభల్లో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటే వెనక వరుసలో కూర్చుంటారు.

ఈ వ్యవహారంలో మా తప్పు కూడా ఒకటి ఉంది. కొత్తవాళ్లను హామీ పత్రం అడుగుతాం. పెద్దాయనను అడగలేదు. ఎలా అడుగుతాం, పెద్దాయన కదా!

పెద్దరికం దగ్గర సడలిపోయే ఈ గుణమే సమీక్షల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. 'సమీక్షకు రెండు ప్రతులు పంపండి' అని ప్రతి పత్రికా రాస్తుంది. ఒకటి సమీక్షకుడికి, రెండోది కార్యాలయానికి. ఒక ఆదివారం హైదరాబాదులో ఆబిడ్స్ పేవుమెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే నా సొంత పుస్తకమే దొరికింది. తెరిచి చూస్తే, 'సమీక్ష నిమిత్తం సాదరంగా' అని నా దస్తూరి. కొన్ని పేజీలు అంచుల దగ్గర ఇంకా అతుక్కునే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. సమీక్ష మాత్రం అప్పటికే వచ్చింది, 'ఆద్యంతం చదివించే శైలి' అని. బేరమాడి నా పుస్తకం నేనే కొనుక్కున్నాను.

చదవకుండా మెచ్చుకోవడం ఒక రోగమైతే, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పకుండా రాయడం అంతకన్నా పెద్దది. ముందుమాట రాసినవాడే సమీక్ష రాస్తాడు. ఆవిష్కరణ సభలో శాలువా కప్పినవాడు అవార్డు కమిటీలో ఉంటాడు. తెలుగు సాహిత్య లోకం ఒక పెద్ద పెళ్లిపందిరి, ఎవరూ ఎవరికీ పరాయివాళ్లు కారు. కాబట్టి బంధువులు బంధువుల గురించి రాయకూడదని నియమం పెడితే పత్రిక మూసుకోవలసిందే. రాయండి. ఒక్క వాక్యం చేర్చండి: 'ఈ పుస్తకానికి ముందుమాట నాదే' అని. పాఠకుడు తనకు కావలసినంత తీసివేత వేసుకుని చదువుకుంటాడు.

అప్పకవి పదిహేడో శతాబ్దిలో చెప్పిన కథ ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. వేములవాడ భీమకవి రాఘవపాండవీయం రాస్తే నన్నయ దాన్ని అణగదొక్కాడట. కోపం వచ్చిన భీమకవి నన్నయ వ్యాకరణాన్ని తీసుకుపోయి గోదావరిలో కలిపేశాడట. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడికి అది కంఠస్థం కాబట్టి బతికి బట్టకట్టిందట. పండితులు దీన్ని కట్టుకథ అంటారు, అయి ఉండవచ్చు. కానీ ఆ కథ కట్టినవాడికి సంపాదక కార్యాలయాల గురించి బాగా తెలుసని నా నమ్మకం. పోటీదారు చేతికి రాతప్రతి వెళితే ఏమవుతుందో అందులో ఉంది. పగబట్టిన రచయిత ఏమి చేస్తాడో కూడా ఉంది. అందుకే మేము వ్యాసాన్ని ఇద్దరికి పంపుతాం, రచయిత పేరు తీసేసి. ఊరి పేరును బట్టీ యాసను బట్టీ రాసిందెవరో వాళ్లు పసిగడతారనుకోండి. అది వేరే సంగతి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. మేము ఇవ్వగలిగిన పారితోషికం సిగ్గుపడేంత తక్కువ. ఆ అంకె పత్రికలో వేస్తాం, సిగ్గుతోనే. ఇవ్వలేని పత్రిక ఇవ్వలేనని ముందే చెబితే అందులో తప్పేమీ లేదు. తప్పు ఎదురు తీసుకోవడంలో ఉంది. లెక్చరరు ఉద్యోగంలో మెట్టు ఎక్కాలంటే అచ్చయిన పత్రాలు చూపించాలి అనేసరికి, డబ్బు కడితే వారంలో వ్యాసం వేసే 'అంతర్జాతీయ' పత్రికలు మన వీధి చివర పుట్టుకొచ్చాయి. తెలుగు శాఖల్లోనూ ఉన్నాయి. అట్టమీద ఐ.ఎస్.ఎస్.ఎన్. నంబరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అది పత్రికను గుర్తుపట్టే నంబరే తప్ప మంచిచెడ్డలకు పూచీ కాదు. ఆటోకు నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవరు మంచివాడని కాదు కదా. 2013లో సైన్స్ పత్రిక విలేఖరి ఒకరు కావాలని తప్పులు పెట్టిన ఒక బూటకపు పత్రాన్ని 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు తీసుకున్నాయి. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 మే నెలలో తన జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. ఆ తరవాత కేర్ అనే కొత్త జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ వదిలేసి, ఏ పత్రిక మంచిదో సంస్థలే తేల్చుకోవాలంది. జాబితా ఉన్నా లేకపోయినా, దిద్దుబాటు కాగితం ఒక్కసారి కూడా రచయితకు తిరిగి రాని పత్రికను నేను పత్రిక అనను. రసీదు పుస్తకం అంటాను.

ఈ మధ్య ఇంకో తలనొప్పి. ఒకే నెలలో మూడు జిల్లాల నుంచి మూడు వ్యాసాలు వచ్చాయి. మూడింటిలోనూ రచన 'ఒక ప్రయాణం'. మూడూ 'అంతిమంగా' అనే మాటతో ముగిశాయి. వేరు వేరు మనుషులు ఒకే నిద్రలో కలవరించినట్టుంది. యంత్రం రాసిందని చదివిన చెవికి తెలుస్తుంది, రుజువు చేయడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు. అమెరికాలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక 2023 ఫిబ్రవరిలో ఇలాంటి కథల వరద తట్టుకోలేక కొన్నాళ్లు తలుపులే మూసుకుంది. మాకు అంత వరద లేదు. యంత్రాన్ని పట్టుకునే యంత్రాలను మేము నమ్మం. అమాయకుడి మీద నింద వేయడం కన్నా ఒక నిర్జీవమైన వ్యాసం అచ్చుకావడం చిన్న నష్టం. అనుమానం వస్తే చిత్తుప్రతి చూపించమంటాం. కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన రాసుకున్న కూరగాయల చిట్టా, ఏదైనా సరే. ఇద్దరు మారుమాట్లాడలేదు. మూడో ఆయన మాత్రం నిజాయితీగా, 'ఆలోచన నాదే, వాక్యాలు దానివి' అని రాశారు. వాక్యాల గురించే నడిచే పత్రిక మాది, వాక్యాలు మీవి పంపండి అని బదులు రాశాం. కలంపేర్ల మీద మాత్రం మాకు పట్టింపు లేదు. అరవైల, డెబ్బైల దశకాల్లో రచయిత్రుల నవలలకు గిరాకీ ఎక్కువని మగవాళ్లు కొందరు ఆడపేర్లతో రాశారు. పేరు ఎవరిదైనా, చెయ్యి నొప్పెట్టింది వాళ్లకే.

ఇన్ని తిన్నాక, కిందటేడు మేము ముగ్గురం కూర్చుని కాగితం రెండో వైపు రాశాం. మా పత్రికలో 'రచయితలకు సూచనలు' పెట్టె పక్కనే ఇప్పుడు అదే సైజు అక్షరాల్లో 'రచయితలకు మా హామీ' ఉంటుంది. ఎనిమిది వారాల్లో అవుననో కాదనో చెబుతాం. ఆ లోపు చెప్పకపోతే రచన ఇంకెక్కడికైనా పంపుకోవచ్చు, మా అనుమతి అక్కరలేదు. కాదంటే ఎందుకు కాదన్నామో ఒక్క వాక్యమైనా రాస్తాం. అచ్చుతప్పు తప్ప మరేది మార్చినా పేజీలు కట్టాక రచయితకు పంపి, ఒప్పుకున్నాకే ప్రెస్సుకు పంపుతాం. ఒకసారి అచ్చువేసుకునే హక్కే మాది, మిగతావన్నీ రచయితవి. మేము తప్పు చేస్తే సంపాదకీయం కిందే ఒప్పుకుంటాం. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు ఉంది.

ఎనిమిది వారాల మాట ఇప్పటికే రెండుసార్లు తప్పాం. రెండుసార్లూ వేశాం, ఎవరి వల్ల ఆలస్యమైందో కూడా. ఒక దాంట్లో నా పేరు ఉంది.

ఈ వారం పాలమూరు పంతులమ్మ మళ్లీ ఒక వ్యాసం పంపారు. హామీ పత్రం ఉంది, సొంతమేనని, అనువాదం కాదని, అన్నీ పద్ధతిగా. అడుగున పెన్సిలుతో చిన్నగా 'మీ హామీ చదివాను. సద్దిని సద్దిగానే ఉంచగలరు' అని రాశారు. నవ్వుకున్నాను. వ్యాసంలో సద్ది లేదు గానీ, మూడో పేజీలో నాకు తెలియని మాట ఒకటి ఉంది. నిఘంటువులో దొరకలేదు. అచ్చుతప్పేమో అనిపిస్తోంది, చెయ్యి ఎర్ర కలం మీదికి పోతోంది కూడా. పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోను చేశాను, ఆవిడ ఎత్తలేదు. బడిలో ఉండి ఉంటారు. మిగతా పేజీలన్నీ కట్టేశాం, ప్రెస్సువాళ్లు సాయంత్రం ఆరుకు మూసేస్తారు. ఆరుకు ఇంకా నలభై నిమిషాలుంది.